గొంగడి దారంతో ఏమల్లాలి?

"ఇంత దారం ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగింది అవ్వ. అప్పటికే కిరాణా కొట్టు కాంటా మీద తూకం అయిపోయింది. డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. సంచి మూతి కడుతుంటే అడిగింది. ఆరేళ్ళుగా నేను వెతుకుతున్న దారం అది. దక్కనీ గొర్రె నల్ల ఉన్నిని చేత్తో ఏకి, రాట్నం మీద వడికిన దారం. రెండు కిలోల మూడు వందల గ్రాములు. ఆరేళ్ళు వెతికినదాన్ని, ఏం చేస్తానో మాత్రం ఆలోచించుకోలేదు. "స్వెటర్ అల్లుత అవ్వా" అన్నాను, నోటికొచ్చిన మాట. ఆమె నా చీర వైపు, చేతుల వైపు చూసి, "ఒంటికేస్కుంటవా? గీకుతది" అంది.

ఆ తర్వాత ఏడాదిన్నర గడిచింది. ఈ ఏడాదిన్నరలో నేను అల్లింది తక్కువ, విప్పింది ఎక్కువ. చేతుల్లో దారం విప్పుతున్నప్పుడు, అల్లిక గురించి నేను చదివినవీ రాసినవీ కూడా కొన్ని ఊడిపోవడం మొదలుపెట్టాయి. నా పిహెచ్.డి. తెలుగు స్త్రీల కథాసాహిత్యంలో ఇంటిపని, చేతిపనుల మీద. అందులో ఒక అధ్యాయం పూర్తిగా కుట్టు, అల్లికల గురించే. ఇప్పుడది పుస్తకంగా రావలసి ఉంది. ప్రూఫులు బల్ల మీద ఉన్నాయి, వాటి పక్కనే ఈ నల్లదారం ఉండలు. రెండూ ఒకదాన్నొకటి ఒప్పుకోవడం లేదు.

మేముండేది చెల్పూరులో. పరకాల నుంచి భూపాలపల్లి పోయే తోవలో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు దూరం నుంచే కనబడే ఊరు. 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ వచ్చాయి. ఆ పక్క భూపాలపల్లిలో సింగరేణి గనులు. ఇక్కడ వరండాలో సూదులు పట్టుకుని కూర్చుంటే తోవన పోయేవాళ్ళు ఆగి మరీ అడుగుతారు, "ఇంత ఉక్కపోతల ఊలేంది మేడం?" అని. న్యాయమైన ప్రశ్న. మాకు చలంటే డిసెంబరు, జనవరుల్లో కొన్ని వారాలు. నేను అల్లిక నేర్చుకున్నది హాస్టల్లో, క్రాఫ్ట్ టీచర్ దగ్గర. ఆమె చేతికిచ్చిన గులాబీరంగు ఉండని మేం 'ఊలు' అనేవాళ్ళం. అది గొర్రె నుంచి వచ్చింది కాదనీ, అక్రిలిక్ అనీ తెలిసేసరికి నాకు ఇరవయ్యేళ్ళు దాటాయి. ఊరి చుట్టూ గొర్రెలుండగా, లూథియానా నుంచి వచ్చే ప్లాస్టిక్ దారాన్ని ఉన్ని అనుకుని పెరిగాం.

మాది పద్మశాలి ఇల్లు. తాత వరంగల్ ఆజంజాహి మిల్లులో పనిచేశాడు. 1934లో పెట్టిన మిల్లు, 2002లో మూతపడింది. అమ్మమ్మ వాళ్ళింట్లో మగ్గం ఉండేది. కండెలు చుట్టేది అమ్మమ్మ, ఆసు పోసేది అమ్మమ్మ, చిలపలు ఆరేసేది అమ్మమ్మ. ఎవరైనా అడిగితే "నేసేది మా ఆయన, నేను ఊకెనే ఉంట" అని చెప్పేది. నూలు ఇంట్లోనే పుట్టి పెరిగిన నేను కూడా నా పరిశోధనలో నూలు గురించి ఒక్క పేజీ రాయలేదు. అల్లిక గురించి రాశాను, కుట్టు గురించి రాశాను, ఎంబ్రాయిడరీ ఆడవాళ్ళకి అణకువ నేర్పింది, అదే సమయంలో ధిక్కారానికీ పనికొచ్చింది అని రోజికా పార్కర్ 'ది సబ్వర్సివ్ స్టిచ్' (1984)లో చెప్పిన మాటని మూడుసార్లు ఉటంకించాను. కానీ ఎంబ్రాయిడరీ తయారైన బట్ట మీద మొదలవుతుంది. ఆ బట్ట, ఆ దారం ఎక్కడివి అన్న ప్రశ్న వేయకుండానే అందంగా సాగిపోవచ్చు. నేను అలాగే సాగిపోయాను.

నా అధ్యాయానికి ముడిసరుకు ఎక్కువగా అరవై, డెబ్భై దశకాల వారపత్రికల సీరియళ్ళు. ఆ కథల్లో అల్లిక ఎలా వస్తుందో చదివినవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. వరండాలో పేము కుర్చీ, ఒళ్ళో ఊలుబంతి, వేళ్ళ మధ్య సూదులు. కారు వచ్చి ఆగుతుంది. బంతి జారి దొర్లుకుంటూ పోతుంది, అతను వంగి తీసిస్తాడు. కొన్ని వారాల తర్వాత అదే కుర్చీలో ఆమె చిన్నచిన్న మేజోళ్ళు అల్లుతుంటే, నెల తప్పిందన్న సంగతి రచయిత్రి వేరే చెప్పనక్కర్లేదు. ఈ దృశ్యాల్ని కలిపి నేను 'అల్లిక స్త్రీల మౌనభాష' అని ఒక వాక్యం రాశాను. వైవాలో ఆ వాక్యాన్నే మెచ్చుకున్నారు. ఇప్పుడు ప్రూఫులో దాని కింద గీత గీసి కూర్చున్నాను.

ఎందుకంటే ఈ నల్లదారంతో నాలుగు వేళ్ళ వెడల్పు అల్లాక ఆ సీరియళ్ళు మళ్ళీ తీసి చూస్తే, నాకు ముందు కనబడనివి కనబడ్డాయి. నేను చూసిన వాటిలో ఒక్క నాయికా ఊలు కొన్న దుకాణం గురించి మాట్లాడదు. ధర ఉండదు. దారం చాలకపోవడం ఉండదు. అల్లింది తప్పి విప్పడం అసలే ఉండదు. ఆమె కన్నీళ్ళు పెట్టుకుంటుంది, పెళ్ళి తప్పిపోతుంది, స్వెటర్ మాత్రం సరిగ్గా అతని భుజాలకి అతుకుతుంది. వైజాగులోనూ విజయవాడలోనూ సంవత్సరం పొడుగునా ఊలు అల్లే ఈ అమ్మాయిలకి ఆ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో కథ చెప్పదు. మిషన్ స్కూళ్ళ నుంచి, ఇంగ్లీషు పత్రికల నమూనాల నుంచి, 1962 చైనా యుద్ధం నాడు జవాన్ల కోసం దేశమంతా అల్లిన స్వెటర్ల నుంచి వచ్చి ఉంటుంది. కథల్లో మాత్రం అది పుట్టుకతో వచ్చిన ఆడతనం. మౌనభాష అని నేనన్నది నిజానికి పని లేని పని. తీరిక ఉన్న కులానికీ తరగతికీ చెందిన ఆభరణం. నేను దాన్ని ప్రతిఘటనగా చదవాలని నిర్ణయించుకుని చదివాను. నమూనా ముందే కత్తిరించుకున్నాను.

నా స్వెటర్ కూడా అలాగే మొదలైంది. నమూనా పుస్తకం మెత్తని మెరీనో ఉన్ని కోసం రాసింది. మెరీనో పోగు మందం ఇరవై మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, దక్కనీది అంతకు రెండింతలు పైమాటే. అయినా ఐదు మిల్లీమీటర్ల సూదులతో ముందుభాగం మొత్తం అల్లేశాను. దించి పరిస్తే అది నలుచదరంగా లేదు. ఒక పక్కకి ఒరిగి, గాలికి వంగిన జొన్నచేను లాగా ఉంది. గొంగడికి వడికే దారం ఒంటిపోగు, మగ్గం మీద లాగుడికి తట్టుకోవాలి కాబట్టి పురి ఎక్కువ. నేతలో ఆ పురిని పడుగూ పేకా అడ్డంగా నిలువుగా పట్టి ఉంచుతాయి. అల్లికలో పట్టి ఉంచేది ఏదీ లేదు, అందుకని బట్ట మొత్తం పురి తిరిగినవైపే వాలుతుంది. దీనికి మందు రెండు పోగుల్ని కలిపి ఎదురు పురి తిప్పడం. అంటే దారాన్ని మళ్ళీ మొదటినుంచి చేతిలోకి తీసుకోవడం. మొత్తం విప్పాను. మా పాప ఆ ముక్కని చెంపకి ఆనించుకుని చూసి, "ముళ్ళున్నయి మమ్మీ" అంది.

దారాన్ని రెండు పోగులు చేసుకునే నెలల్లో వర్జీనియా వుల్ఫ్ 'టు ద లైట్‌హౌస్' (1927) మళ్ళీ చదివాను. ఎమ్.ఏ.లో చదివిన నవలే. మిసెస్ రామ్సే ఎర్రటి గోధుమరంగు మేజోడు అల్లుతూ ఉంటుంది. దీపస్తంభం కాపలాదారు కొడుక్కి, తుంటి క్షయతో ఉన్న పిల్లవాడికి పంపాలని. ఆ పిల్లవాడు దగ్గర లేడు కాబట్టి తన కొడుకు జేమ్స్ కాలికి ఆనించి కొలుస్తుంది. పొట్టిగా ఉంది. జర్మన్ విమర్శకుడు ఎరిక్ ఆవర్‌బాక్ 1946లో అచ్చయిన 'మిమెసిస్' చివరి అధ్యాయానికి ఈ మేజోడు పేరే పెట్టాడు. ఒక చిన్న కొలత జరిగే లోపల మనుషుల మనసుల్లో ఎంత కాలం ప్రయాణం చేస్తుందో ఆయన చూపించిన తీరు అద్భుతం, కాదనను. కానీ సూదులు చేతిలో పెట్టుకుని చదివినప్పుడు నన్ను ఆపింది వేరే. ఆమె ఇంకొకరి బిడ్డకి అల్లుతూ తన బిడ్డ కాలు కొలుస్తోంది. మంచి మనసే. కానీ కొలత తన ఇంటిది. మొదటి భాగం చివరికొచ్చేసరికి ఆ మేజోడు తను పూర్తి చెయ్యనని ఆమే అనేస్తుంది. మన స్త్రీవాద విమర్శలో కూడా ఇలాంటి మేజోళ్ళు చాలా ఉన్నాయనిపిస్తుంది. నావి అందులో రెండుమూడు ఉంటాయి.

రెండో ప్రయత్నం శాలువా. ఈసారి బెజ్జాల అల్లిక, లేసులాంటిది. నల్లదారంలో బెజ్జాలు కనబడవన్న ఇంగితం కూడా లేకపోయింది. నూగు బెజ్జాల్ని పూడ్చేసింది. ఆ శాలువా అల్లే రోజుల్లోనే మరియా మీస్ 'ది లేస్‌మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' (1982) తిరగేశాను. తెలుగు ఆడవాళ్ళ అల్లిక మీద ఇంత గట్టి పుస్తకం ఇంకొకటి నేను చూడలేదు. పశ్చిమ గోదావరి తీరంలో మిషనరీలు నేర్పిన లేసు పని ఎగుమతి వ్యాపారంగా ఎలా పెరిగిందో, పువ్వులు అల్లేవాళ్ళొకరు, అతికేవాళ్ళొకరుగా పని ఎలా ముక్కలైందో, రోజూ గంటల తరబడి వంగి కూర్చునే ఆడవాళ్ళని 'ఇంట్లో తీరిక వేళ అల్లుకునే గృహిణులు' అని లెక్కగట్టడం వల్లే ఆ వ్యాపారానికి అంత లాభం ఎలా వచ్చిందో ఆమె చూపించింది. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మీస్ 2023లో కన్నుమూశారు. నా పిహెచ్.డి.లో ఈ పుస్తకం ఒక్క పాదసూచికలో ఉంది. అది 'సామాజిక శాస్త్రం' కదా, మాది 'సాహిత్యం' కదా అని నాకొక సలహా వచ్చింది, నేను తలూపాను.

మీస్‌ని చదివాక నాకు నా బేరం గుర్తొచ్చింది. అవ్వ కిలో ఆరు వందలంది, నేను మారుమాట్లాడకుండా ఇచ్చాను. మొత్తం పదమూడు వందల ఎనభై. చవకగా దొరికిందన్న సంతోషం కూడా లోపల ఉంది, దాచను. ఒకరోజు ఆమె రాట్నం మీద నేను కూర్చున్నాను. రెండు గంటల్లో తెగినవి పోగా ఇరవై గ్రాములు వచ్చింది. అంటే గంటకి పది. ఆమె నాకు మూడింతల వేగం అనుకుందాం, గంటకి ముప్ఫై గ్రాములు. రెండు కిలోల మూడు వందలకి డెబ్భైఆరు, డెబ్భైఏడు గంటలు. గంటకి పద్ధెనిమిది రూపాయలు. ఉన్ని కడగడం, ఏకడం ఇందులో లేవు. లెక్క కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళి ఇంకొంత ఇవ్వబోయాను. "అయిపోయిన బేరం బిడ్డా" అంది, ముఖం కొంచెం గంటు పెట్టుకుని. "ఖాలీగున్నప్పుడు వడికిన గద, దానికి లెక్కేంది?" మా అమ్మమ్మ మాటే ఇది. నర్సాపురం మాటే ఇది. నా దగ్గర సిద్ధాంతం ఉంది కానీ, ఆమె మర్యాద చెడకుండా ఆ డబ్బులు ఆమె చేతిలో పెట్టే మాట మాత్రం లేదు.

ఇక్కడ ఆ దారం కథ కొంచెం చెప్పాలి. అవ్వది రేగొండ దిక్కు ఒక పల్లె, కురుమల ఇల్లు. పిహెచ్.డి. పనిలో మొదటిసారి వెళ్ళినప్పుడు వాకిట్లో గుంటమగ్గం ఉండేది. చింతగింజల గంజి పడుగుకి పట్టించే వాసన నాకింకా గుర్తుంది. కత్తిరింపు మగవాళ్ళది, నేత మగవాళ్ళది, నడుమ ఉన్న ఏకుడు, వడుకుడు ఆడవాళ్ళవి. ఆరేళ్ళ తర్వాత వెళ్తే గుంట పూడ్చి బాత్రూం కట్టుకున్నారు. నేసే మరిది గోదావరిఖని పోయాడు. మిగిలిన దారం సంచిలో కట్టి అటక మీద పెట్టింది. ఇంకొంచెం ఉంటే ఒక గొంగడి అయ్యేదట. ఇంకొంచెం వడకడానికి ఉన్ని లేదు. "ఇప్పటి గొర్లకు ఉన్ని ఏడిది? మాంసమే" అంది. దక్కనీ గొర్రెని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. బరువు కోసం మందల్లోకి వచ్చిన నెల్లూరు జాతికి బొచ్చే తప్ప ఉన్ని ఉండదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో ఇంటికి ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చినవి పక్క రాష్ట్రాల నుంచి తెచ్చినవే. మాంసానికి మంచివే. మగవాళ్ళ చేతికి గొర్రె వచ్చింది, ఆడవాళ్ళ చేతిలోంచి దారం పోయింది. ఆ పథకం మీద వచ్చిన చర్చల్లో ఈ మాట నేను ఎక్కడా వినలేదు.

గొంగడికి మన సాహిత్యంలో, పాటలో తక్కువ చోటేమీ లేదు. 'మా భూమి' సినిమాలో గొంగడి భుజాన వేసుకుని గద్దర్ పాడిన పాట చూడని తెలంగాణ ఇల్లుండదు. గొంగడి, కర్ర, బిగించిన పిడికిలి. ఇవి కలిసి ఒక తరం కవులకి తెలంగాణ మనిషి బొమ్మ అయ్యాయి. 1946 జూలై 4న కడవెండిలో తుపాకి గుండుకి పడిపోయిన దొడ్డి కొమరయ్య కురుమ బిడ్డే. ఒగ్గుకథల్లో బీరప్ప, మల్లన్నల చుట్టూ గొర్రెలూ గొంగళ్ళూ ఉండనే ఉన్నాయి. నాకు ఆ బొమ్మ మీద కోపం లేదు, చాలా ఇష్టం కూడా. కానీ అది ఎప్పుడూ మగవాడి భుజమే. 'మనకు తెలియని మన చరిత్ర' (1986) వచ్చినప్పుడు సాయుధ పోరాటంలో ఆడవాళ్ళెక్కడ అన్న ప్రశ్న మనం నేర్చుకున్నాం. మనుషుల్ని అడిగిన ఆ ప్రశ్నని వస్తువుల్ని అడగలేదు. ఆ భుజం మీద ఉన్నదాన్ని నెలల తరబడి వడికిన చెయ్యి ఏ పాటలో ఉంది?

వెతికితే ఒక చోట దొరికింది. అదీ ఒక శీర్షికలో, సామెతలో దాగి. గోగు శ్యామల కథల పుస్తకం పేరు 'ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం'. ఏకులంటే వడకడానికి చుట్టిపెట్టుకున్న పత్తి పోగులు. సామెత తల్లిని కొలవడానికి ఎన్నుకున్నది ఉత్త బుట్టని కాదు, వడికే పనితో నిండిన బుట్టని. ఏనుగు పక్కన దాని బరువెంత? ఏమీ లేదు. కానీ దాన్లోంచి గుడ్డ వస్తుంది. 2012లో ఇంగ్లీషులో వచ్చినప్పుడు ఈ పేరు 'ఫాదర్ మే బి యాన్ ఎలిఫెంట్ అండ్ మదర్ ఓన్లీ ఎ స్మాల్ బాస్కెట్, బట్...' అయింది. మంచి అనువాదం, చెవికి బాగుంది. ఏనుగు మాత్రం ఏనుగుగా వెళ్ళింది, ఏకులు దారిలో రాలిపోయాయి. ఇంగ్లీషు పాఠకురాలికి 'చిన్న బుట్ట' మిగిలింది. అనువాదకుల్ని తప్పుపట్టడానికి అంటున్నది కాదిది. తెలుగులో ఆ పేరు వందసార్లు పలికిన నేను, శాలోళ్ళ ఇంటి బిడ్డని, ఏకులు అన్న మాట దగ్గర ఒక్కసారీ ఆగలేదు. నాకు తెలుగులోనే రాలిపోయాయి.

జూపాక సుభద్ర 'కొంగు' కవిత దీనికి ఇంకొక తలుపు తెరిచింది. పమిట మీద స్త్రీవాద కవిత్వంలో జరిగిన చర్చ మనకి తెలుసు. సిగ్గు, అణచివేత, తగలెయ్యడం. సుభద్ర ఆ చర్చ పక్కన నిలబడి కొంగు చేసే పనుల్ని చెప్పుకుంటూ పోతుంది. పనిచేసే దళిత స్త్రీకి అది కప్పుకునే గుడ్డ మాత్రమే కాదు, పనిముట్టు, సంచి, తోడు. ఆ కవితని క్లాసులో చెప్పిన ప్రతిసారీ నేను 'ప్రతీకని తిరగరాసింది' అని చెప్పాను. ఇప్పుడైతే అలా చెప్పను. ఆమె ప్రతీకని పక్కన పెట్టింది. గుడ్డ ఏం చేస్తుంది అని అడిగింది, అంతే. కంచ ఐలయ్య 1996లో 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ'లో తన కురుమ బాల్యం నుంచి రాబట్టింది కూడా, పని ఒక జ్ఞానం అన్న మాటే. సుభద్ర కవిత ఆ జ్ఞానానికి ఆడదాని ఒంటి మీద చోటు చూపించింది.

అలా మళ్ళీ అవ్వ దగ్గరికి వెళ్ళి, "గొంగడి ఏమేం జేస్తదవ్వా?" అని అడిగాను. మొదట నేను అడగాల్సిన ప్రశ్న ఇదే. అర్ధగంట చెప్పింది. వానొస్తే మడిచి నెత్తిన కొప్పెర. నీళ్ళు పైనుంచి జారిపోతాయి, లోపలికి దిగవు. ఎండలో నీడ. రాత్రి మంద దగ్గర కింద సగం, పైన సగం. కళ్ళంలో గింజలు మోయడానికి మూట. పంచాయితీ కూర్చుంటే ఆసనం. పుట్టిన గొర్రెపిల్లని చుట్టుకురావడానికి. పీనుగు మీద కప్పడానికి కూడా. వీటిలో ఏ ఒక్కదానిలోనూ అది ఒంటికి మెత్తగా అతుక్కుని ఉండాల్సిన పని లేదు. ఒంటికీ ప్రపంచానికీ నడుమ నిలబడటం దాని పని. గీకడం దాని లోపం అనుకుంటూ వచ్చాను. ఆ మోటుతనం వల్లే అది ఇన్నేళ్ళు అరగకుండా ఉంటుంది. హైదరాబాదులో కొందరు యువ డిజైనర్లు ఇదే గుణాన్ని పట్టుకుని గొంగడి బట్టతో రైతుల కోసం బూట్లు తయారు చేశారు.

ఆ జాబితా నుంచి నా సూదుల మీదికి వచ్చినవి ఇవి. ముందు ఒక ఆసనం. బిగువుగా అల్లి, వేడినీళ్ళలో వేసి తొక్కితే ఉన్ని ముద్దకట్టి దిట్టమైంది. కాలేజీలో నా ఇనప కుర్చీ మీద వేశాను, రెండు ఎండాకాలాలు చూసింది. తర్వాత కుండ కింద కుదురు. వరసలు చుట్టూ తిప్పి గొట్టంలా అల్లి, రెండు కొసలు కలిపేశాను. మా అత్తమ్మ నేను చేసిన వాటిలో మొదటిసారి మెచ్చుకుంది దీన్నే, మంచినీళ్ళ కూజా దానిమీద కదలకుండా కూర్చుందని. భుజం సంచికి పట్టీ. ఇక ఇప్పుడు సూదుల మీద ఉన్నది చేతుల్లేని కోటు, కుర్తా మీద వేసుకునేది. స్వెటర్ ఆశ పూర్తిగా చావలేదన్నమాట. రెండు పోగులు కలిపిన దారం ఇప్పుడు వాలడం లేదు. మెడ, చంకల దగ్గర మాత్రం పాత పత్తిచీర అంచు లోపల కుడుతున్నాను, ముళ్ళు గుచ్చకుండా. అమ్మమ్మ చీరే అది.

దీన్ని చూసి ఒక స్నేహితురాలు, ఆమె కూడా లెక్చరరే, "నీకిదొక హాబీ అయింది, ఆమెకి పని పోయింది, ఇందులో స్త్రీవాదమేముంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నా కుదురు వల్ల ఒక దక్కనీ గొర్రె మందలోకి తిరిగి రాదు. ఇంత దారం మళ్ళీ దొరకదు కూడా. విప్పిన ప్రతిసారీ పోగు కొంత నూగు రాల్చుకుని బలహీనమవుతుంది. తప్పుచేసే హక్కు నాకు మహా అయితే ఇంకొక్కసారి ఉంది. అందుకే నమూనాలు చూడటం మానేశాను. నాలుగు వరసలు అల్లి, తడిపి, ఆరబెట్టి, అది ఏమంటుందో చూసి, తర్వాత లెక్క వేసుకుంటున్నాను. ఈ పద్ధతి మెల్లగా నా ప్రూఫుల మీదికీ పాకింది. సీరియళ్ళ అధ్యాయంలోంచి 'మౌనభాష' తీసేశాను. ఆ చోట దుకాణాలు, ధరలు, కాలాలు లేకపోవడం గురించి ఆరు పేజీలు వచ్చాయి. మీస్ పాదసూచికలోంచి పైకి వచ్చింది. పబ్లిషర్ ఆలస్యమైందని విసుక్కున్నారు.

ఒక్క పాదసూచిక మాత్రం ఇంకా తేలలేదు. ఆరేళ్ళ కింద రాసిన ప్రతిలో గుంటమగ్గం గురించిన సమాచారం కింద 'ఒక కురుమ వృద్ధురాలితో సంభాషణ' అని ఉంది. అదే పేజీలో పార్కర్‌కి పేరూ ఇంటిపేరూ, సంవత్సరం, పేజీ సంఖ్య ఉన్నాయి. సిగ్గేసింది. పుస్తకంలో నీ పేరు రాస్తానవ్వా అని మొన్న వెళ్ళి అడిగాను. "ఏ పేరు రాస్తవ్? ఆధార్ల ఉన్నదా, మావోళ్ళు పిల్సేదా?" అంది. రెండూ వేరు. ఆధార్‌లో ఎవరో రాయించింది, ఆమెకి నచ్చదు. నీకిష్టమైనదే రాస్తానన్నాను. కొంచెంసేపు ఆలోచించింది. "దారం అమ్మిన్నని గూడ రాస్తవా?" రాస్తానన్నాను. "మరి పైసలొస్తున్నయని పింఛన్ కోస్తే?"

పదమూడు వందల ఎనభై రూపాయలకి ఎవరూ పింఛన్ కోయరని చెప్పాను. ఆమె నమ్మలేదు. నమ్మకపోవడానికి ఆమెకి నాకంటే ఎక్కువ కారణాలున్నాయి. "పుస్తకమంటే ఎవలు సదువరు గని, పత్రికల వద్దు" అని తేల్చింది. అందుకని ఈ వ్యాసంలో ఆమె పేరు లేదు. పుస్తకంలో వేయడానికి కొడుకునడిగి చెప్తానంది. ఆ పేజీ అలాగే ఉంచాను. దారం ఇంకా తొమ్మిది వందల గ్రాములుంది. కోటు వెనకభాగం చంకల దాకా వచ్చింది.